లామినేషన్ చేసిన చీటీ

నేను ఒక మందుల చీటీని. నాలుగు వారాలు బతకవలసినదాన్ని, ఏడు నెలలు బతికాను. అందుకు గర్వపడుతున్నావా అని అడక్కండి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నేను పుట్టింది భీమవరంలో, డాక్టర్ అహల్యగారి బల్ల మీద. ఎదురుగా వకుళ కూర్చుంది. చీరల షాపులో పని ఆమెది. కొనడానికి వచ్చినవాళ్లకు చీర తన ఒంటిమీద వేసుకుని చూపించాలి. లావయ్యావని ఓనరు ఆమెను లంగాల కౌంటర్‌కు మార్చేశాడు. ఆ ముక్క చెబుతున్నప్పుడు ఆమె గోడకేసి చూసింది. డాక్టరుగారు బరువు తూచి, బీపీ చూసి, ఇంకేం మందులు వాడుతున్నావని గుచ్చి గుచ్చి అడిగాక గానీ పెన్ను తియ్యలేదు. ఆకలి తగ్గించే మాత్ర, పొద్దున్నే ఒకటి, నాలుగు వారాలు. దాని కింద, "రెండు వారాలకోసారి బీపీ చూపించుకోవాలి. గుండెదడ వస్తే ఆపేసి రావాలి" అని రాసి గీత గీశారు. మాత్రొక్కటే పనిచెయ్యదని, తిండీ నడకా చూసుకోవాలని నోటితో చెప్పారు.

వకుళ అన్నీ పాటించింది. నెల తిరిగేసరికి మూడు కిలోలు తగ్గింది. ఆ మూడు కిలోలకే ఓనరుకు ఆమె మళ్లీ చీరలకు పనికొచ్చింది. డాక్టరుగారు ఇక మాత్ర మానెయ్యమన్నారు. నా పని అక్కడితో సరి. కానీ కలిసొచ్చిన కాగితాన్ని పారెయ్యడానికి మనుషులకు చేతులు రావు. ఆధార్ కార్డుతోపాటు నన్నూ తీసుకెళ్లి లామినేషన్ చేయించింది. నిగనిగలాడుతున్న నన్ను చూశాక తేదీ ఎవరు చదువుతారు?

షాపులో ఆమె పక్కన నిలబడే హైమకు తననెప్పుడు లంగాల దగ్గరికి పంపుతారోనని బెంగ.

"అక్కా, ఆ చీటీ ఓసారి ఇయ్యవా. డాక్టరు దగ్గరికెళ్తే మా ఆయనకి తెలిసిపోద్ది" అంది.

తోడుకు చెంచాడు పెరుగు ఇచ్చినంత తేలిగ్గా వకుళ ఇచ్చేసింది. మందుల షాపతను మాత్ర పేరొక్కటే చదివాడు. హైమ నన్ను ఇంటికి తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది. అక్కడ అప్పటికే బీపీ బిళ్లలున్నాయి. ముప్పై ఏళ్లకే బీపీ ఏమిటంటారని ఎవరికీ చెప్పకుండా, గుర్తొచ్చినప్పుడు మింగుతోంది. నామీద గీత గీసి మరీ రాసిన మాట ఆ బిళ్లల పక్కనే పడి ఉంది. మరో రెండుసార్లు నన్ను చూపించి మాత్రలు తెచ్చుకుంది. గుండె దడదడలాడుతున్నా, బరువు తగ్గుతోంది కదా అనుకుంది.

ఒకరోజు పెళ్లివారి ముందు పట్టుచీర భుజాన వేసుకుని, ఉన్నచోటనే కూలబడిపోయింది.

ఆసుపత్రిలో అహల్యగారే చూశారు. బీపీ విపరీతంగా ఉంది. ఏం మందులు వాడుతోందంటే భర్త ఏమీ లేవన్నాడు. హైమ బ్యాగు వకుళ చంకలో ఉంది, ఆరోజు మళ్లీ మాత్రలు కొనాలని తెచ్చుకున్న నేను అందులోనే ఉన్నాను. డాక్టరుగారు మళ్లీ అడిగారు. వకుళ చెయ్యి లోపలికొచ్చి నన్ను పట్టుకుని ఆగిపోయింది. అక్కడ మనిషి ప్రాణం పోతుంటే, నోరున్న ఆమే ఊరుకుంది. సిగ్గుతో నాకు నామీదున్న అక్షరాలు చెరిపేసుకోవాలనిపించింది.

మూడోసారి అడగకముందే లాగి ఇచ్చింది. "నాదండి. నేనే ఇచ్చానండి."

డాక్టరుగారు నన్ను అటూ ఇటూ తిప్పారు. "లామినేషన్ కూడా చేయించావా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

హైమ బతికింది. మూడోరోజు డాక్టరుగారు కొత్త కాగితం తీసి, బీపీ ఎప్పటినుంచని అడిగారు. పక్కన భర్త ఉన్నాడు.

"రెండేళ్లనించండి" అంది హైమ.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు భర్త.

"సిగ్గేసింది."

అతను డాక్టరుగారు రాసిన ఆ కొత్త చీటీ అందుకుని, తెలియనిచోటల్లా ఆగి డాక్టరుగారిని అడుగుతూ, చివరి గీతదాకా పైకి చదివాడు. నేను అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాను. హైమ చేతిలో ఉన్న ఇన్నాళ్లలో నన్ను ఒక్కరు, ఒక్కసారి అలా చదివి ఉంటే అనుకుంటూ, విన్నాను.