మొగులుకు సవరణ

“మొగులైంది, మిరపకాయలు ఎత్తు పిల్లా!” అని అత్తమ్మ కేకేసింది. పొయ్యి మీద పప్పు వదిలేసి డాబా మీదికి పరుగెత్తాను. మా వైపు మొగులంటే మబ్బు. మబ్బు కమ్మిన ఆకాశాన్ని కూడా మొగులే అంటాం. పెళ్లయి జనగామకు వచ్చిన నాటి నుంచి నా పనిలో సగం ఈ మొగులుతోనే. మిరపకాయలు, వడియాలు, దుకాణానికి కడిగి ఆరబోసిన పెసర్లు, పిల్లల పక్కబట్టలు. ఎండ కాసినంతసేపు అవి అందరివీ, మొగులు పట్టిందంటే నా ఒక్కదానివి. తడిస్తే తప్పు నాది. తడవకుండా ఎత్తి వచ్చేలోపు పొయ్యి మీదది మాడితే ఆ తప్పూ నాదే. ఆ రోజు పప్పు మాడింది.

మాడు వాసన పోకముందే మా ఆయన రామ్మోహన్ దుకాణం నుంచి వచ్చాడు. చేతిలో పత్రిక. బెజవాడ నుంచి వచ్చే మాసపత్రిక. అందులో నా కవిత, నేను అచ్చులో చూసుకోబోయే మొట్టమొదటి కవిత. దాని కోసం స్టేషన్లో పుస్తకాల దుకాణం చుట్టూ నాకంటే ఎక్కువ ఆరాటంగా తిరిగింది ఆయనే. రాగానే “ఇగో, అచ్చయింది!” అంటాడనుకున్నాను. అనలేదు. పత్రిక గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కొని, పీట మీద కూర్చున్నాడు. మాడిన పప్పుతో అన్నమంతా తిన్నాడు. మాడిందని కూడా అనలేదు. అప్పుడే నాకు భయం మొదలైంది.

ఆయన లేచి వెళ్లాక చేతులు తుడుచుకొని పత్రిక తీశాను. పేజీలు తిప్పగా తిప్పగా నా పేరు కనిపించింది, ఊర్మిళా రామ్మోహన్ అని. దాని పైన కవిత. కవిత పైన లావు అక్షరాలతో దాని పేరు: మొగుడు.

నేను పంపింది ‘మొగులు’.

పొద్దున లేస్తూనే మొగుడి వైపు చూస్తాను
మొగుడు తెల్లగా ఉంటే ఇల్లంతా తెల్లగా ఉంటుంది
మొగుడు నల్లబడితే
ఎండలో పరుచుకున్నవన్నీ ఏరి లోపల దాచుకుంటాను
ఉరిమితే సరే, కురిస్తే సరే, కడుక్కుపోతుంది
ఉరమక కురవక ఇంటి మీదే నిలిచిపోయిన మొగుడి కిందే
ఏ పనీ చేతకాదు నాకు

నాకు మొదట నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, కొంగు నోట్లో కుక్కుకొని మరీ నవ్వాను. ‘లు’ తీసేసి ‘డు’ పెట్టి, వ్యాకరణం చెడకుండా ‘మొగుడి’ అని విభక్తి కూడా సరిచేశాడు ఎవరో మహానుభావుడు. పాపం, వాళ్ల ఊళ్లో మొగులనే మాట లేదు. తెలంగాణ పల్లెటూరి పిల్ల, కొత్తగా రాస్తోంది, మొగుడు అని రాయడం కూడా రాలేదు అనుకొని ఉంటాడు. కవిత తీసుకున్నామని వచ్చిన కార్డులో “చిన్నచిన్న భాషాదోషాలు సవరించి ప్రచురిస్తాము” అని ఉంటే, కామాలూ చుక్కలూ కాబోలనుకొని పొంగిపోయాను నేను. నవ్వు సగంలో ఉండగానే ‘నల్లబడితే’ అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. రామ్మోహన్ చామనఛాయ కూడా కాదు, నలుపు. బజారులో ఇంకో రామ్మోహన్ ఉన్నాడు గనుక ఈయన్ని నల్ల రామ్మోహన్ సేటు అంటారు.

దుకాణం దగ్గర జరిగింది సాయంత్రం అత్తమ్మ చెప్పింది. ఆయన సంబరం పట్టలేక, తాను చదవకముందే పత్రికను పక్క దుకాణం వెంకన్న చేతిలో పెట్టి పెద్దగా చదవమన్నాడట. వెంకన్న చదివాడు. హమాలీలు విన్నారు, బేరానికొచ్చిన పాలకుర్తి రైతులు విన్నారు. “ఏం సేటూ, గిప్పుడు తెల్లగున్నవా, నల్లబడ్డవా?” అని అడిగారట. చివరి పాదాల్లో ‘కింద’ అన్న మాటకు ఇంకెంత నవ్వి ఉంటారో అత్తమ్మ చెప్పలేదు, నేను ఊహించుకోగలను.

“ఇంట్ల ముచ్చట పేపరుకెక్కిచ్చినవా బిడ్డా?” అన్నది అత్తమ్మ. “వాడు నిన్ను కొట్టిండా, తిట్టిండా? గసొంటి మొగడు ఎవలకు దొరుకుతడు?”

నా బాధ కూడా అదే. దొరకడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డ ఏడాది నేను మానుకోటలో పదో తరగతి. బడి తలుపులు తెరిచేలోపు బాపు సంబంధం ఖాయం చేశాడు. అలా పుస్తకం మూసి వచ్చినదానికి ఈ మిరపకాయల ఇంట్లో కాగితాలు, కలం తెచ్చిచ్చినవాడు ఈయన. పంపిన కవితలన్నీ అత్తింట్లో ఇమడని పిల్లల్లా తిరిగొస్తుంటే “పోతే పోయింది తియ్యి, ఇంకోటి రాయి” అన్నవాడు ఈయన. “కింద నా పేరు గుడ పెట్టరాదే, నలుగురికి ఎరుకైతది” అని ముచ్చటపడి అడిగితే పెట్టాను. నలుగురికీ ఎరుకైంది. పోనీ నా తప్పు లేదా? ఉంది. అంతకుముందు పంపిన కవిత “భాష సరిచూసుకొని రాయండి” అన్న మాటతో తిరిగొచ్చాక, ఇందులో మా మాటలన్నీ బియ్యంలో రాళ్లలా ఏరి పారేశాను. మొగులు ఒక్కటి ఉంచాను. మబ్బు అని రాసి చూశాను, మేఘం అని రాసి చూశాను. అవి చదువుకోవడానికి బాగుంటాయి గానీ వాటిని చూసి ఎవరూ మిరపకాయలు ఎత్తరు. అయినా మబ్బు అనే రాసి ఉంటే ఆ మనిషి బజారులో తలెత్తుకొని తిరిగేవాడు కదా అని ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

“అది తప్పు పడ్డది. నేను మొగులని రాసిన” అని ఆయనతో చెప్పాను.

“నాకెరుకే” అన్నాడు.

అంతే. ఆ తర్వాత మాట లేదు. అరవలేదు, విసుక్కోలేదు. నేను చెంబు పట్టుకొని ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పెద్దపిల్లను పిలిచి “మీ అమ్మనడిగి నీళ్లు తే” అంటాడు. పిల్లలు అడుగు చప్పుడు కాకుండా తిరుగుతారు. అత్తమ్మ కూడా గిన్నెను మెల్లగా కింద పెడుతుంది. ఇది కొత్త కాదు. పుట్టింటి నుంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చినప్పుడు ఇలాగే ఉన్నాడు. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాస్తానన్నప్పుడు ఇలాగే ఉన్నాడు. వద్దనలేదు. ఎన్నడూ దేనికీ వద్దనలేదు. పరీక్ష ఫీజు కట్టే గడువు దాటిపోయాక, కూరలో ఉప్పు సరిగ్గా పడిందని మళ్లీ మాట్లాడాడు. మిగతా ప్రతిసారీ నేనే వెళ్లి, ఏం తప్పు చేశానో తెలియకపోయినా, తప్పైందని చెప్పేదాకా ఇల్లు ఊపిరి పీల్చుకోదు. కొట్టేవాడైతే ఒంటి మీద దెబ్బ చూపించవచ్చు. మాట్లాడడం లేదని ఎవరికి చెప్పుకుంటాం? చెబితే “ఎంత నెమ్మదస్తుడు!” అంటారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చొని ఆ కవిత మళ్లీ చదివాను. ఉరమక కురవక ఇంటి మీదే నిలిచిపోయిన. చదువుతుంటే ఆయనే కనిపించాడు. నేను రాసింది మొగులు గురించే, పిల్లల మీద ఒట్టు. మరి ఇంత సరిగ్గా ఎలా కుదిరింది? నాకే తెలియకుండా ఆయన మీద రాశానా? ఆయన తెచ్చిచ్చిన కాగితం మీద, ఆయన పేరు కింద పెట్టుకొని? ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం అంటారే, అదేనా ఇది? ఆ పూట ఆయనకిష్టమని పచ్చిపులుసు చేశాను, గారెలు కాల్చాను, ఇస్త్రీ బట్టలు మళ్లీ ఇస్త్రీ చేశాను. ఆయన తిన్నాడు, తొడుక్కున్నాడు. చేసినకొద్దీ నా తప్పు పెరిగినట్టే ఉంది తప్ప తగ్గలేదు.

నాకు బుద్ధి చెప్పమని అత్తమ్మ కబురు పెడితే ఆడబిడ్డ పుష్పలత స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చింది. చిన్నప్పుడు నోరు మూయని పిల్ల. పెళ్లయ్యాక మాట తగ్గింది, పెద్దరికం వచ్చిందని అందరం మెచ్చుకున్నాం.

“ఏంది వదినె, మా అన్న ఇజ్జతి తీసినవట?” అంటూనే లోపలికొచ్చింది. “ఏదీ, జర చూడనీ.”

పెదాలు కదుపుతూ చదివింది. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివింది. బయట అత్తమ్మ చాటతో పెసర్లు చెరుగుతోంది. పుష్పలత అటు చూసి గొంతు తగ్గించింది.

“వదినె, మా ఇంట్ల సంగతి నీకెవలు చెప్పిన్రు?”

“మీ ఇంట్లదా?”

“గిది మా ఆయన సంగతే గదా. ఒక్క మాట తేడా వస్తె దినాలకు దినాలు మాట్లాడడు. పాణం ఇసిగిపోతది. నేను ఎవ్వలకు చెప్పలే. అమ్మకు గుడ చెప్పలే. గిదొక బాధనా అంటదని.” ఆమె వేలు చివరి పాదం మీద ఆగి ఉంది. “గిట్ల ఇంకోలకు గుడ ఉంటదని నాకు ఎరుకనే లేదు.”

అప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకోవలసింది. ఇన్నాళ్లుగా అందరికీ చెప్పి చెప్పి అరిగిన మాట నోటికొచ్చేసింది. “కాదు పుష్పా, అది తప్పు పడ్డది. నేను మొగులని రాసిన. వాన మొగులు.”

“మొగులా?” పుష్పలత పత్రిక మూసి నా ఒళ్లో పెట్టింది. “గట్లనా. నేను నిజమే అనుకున్న.”

లేచి అత్తమ్మ దగ్గరికి వెళ్లి చాట అందుకుంది. సాయంత్రం బండికి పోయేదాకా నాతో మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆయన పరువు తీశానని ఇన్ని రోజులూ కుమిలాను కదా, అది కూడా దీని ముందు చిన్నదయింది. నా ముందు ఒక మనిషి మొదటిసారి నోరు తెరిస్తే, మొగుడి పరువు కోసం మూసి పంపించాను.

మర్నాడు భోజనం దగ్గర రామ్మోహన్ నోరు విప్పాడు. “తప్పు పడ్డదని పత్రికోల్లకు రాయి. వచ్చే నెల సవరణ పడాలె. బజార్ల నేనే అందరికి చూపిస్త. రాసి పెట్టు, ఇయ్యాల సందెకు ముందు వచ్చి నేనే పోస్టు డబ్బాల ఏస్త.”

ఆయన మాట్లాడాడని నా ప్రాణం లేచొచ్చింది. అంత సంతోషపడినందుకు వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. “రాస్త” అన్నాను.

ఆయన దుకాణానికి వెళ్లాక కాగితం తీసి రాశాను. “అయ్యా, నా కవిత పేరు మొగులు. అది భాషాదోషం కాదు. మా అమ్మ, మా అత్తమ్మ, మా జిల్లాలో అందరూ పైకి చూసి అనే మాట. తెలియకపోతే నన్ను అడగవలసింది. నా మాట నాకు తిరిగి అచ్చువేయండి.” రాస్తుంటే కోపమొచ్చింది, అచ్చువేసేవాళ్ల మీద కోపం రావచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. సవరణ అయిపోయింది. అది నిజం, అందులో ఎవరికీ భయపడి రాసిన అక్షరం లేదు. కానీ కలం కింద పెట్టబుద్ధి కాలేదు. పుష్పలత వేలు ఆగిన చోటు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆమె నిజమే అనుకుంది. నిజం కాదని చెప్పింది నేను.

ఇంకో కాగితం తీసుకున్నాను. ఈసారి ఎవరూ సరిదిద్దే అవసరం లేకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా, పైన పేరు రాశాను: మొగుడు. ఇందులో ఆకాశం లేదు, వాన లేదు. ఎదురుగా నిలబడిన మనిషిని దాటి పిల్లను నీళ్లడిగే గొంతు ఉంది. దాటిపోయిన గడువు ఉంది. ఏ తప్పో తెలియకుండా తప్పైందని చెప్పే నోరు ఉంది. మా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే వచ్చింది, ఒక్కటీ ఏరి పారేయలేదు. ఆయన మంచితనమంతా గుర్తొచ్చింది, ఆయన తెచ్చిచ్చిన కాగితమే ఇదీ అని గుర్తొచ్చింది. అయినా కొట్టివేయలేదు. చివర ఊర్మిళ అని మాత్రమే రాశాను.

దీన్ని పుష్పలత ఊరికి ఎవరి చేతనైనా పంపి అక్కడి డబ్బాలో వేయించవచ్చు. ఇక్కడ ఎవరికీ తెలియదు, అచ్చయ్యాక చూసుకోవచ్చు. కానీ దాచి పంపితే అది మళ్లీ తప్పే అవుతుంది, ఇంకొక తప్పు మోసే ఓపిక నాకు లేదు. రెండు కాగితాలూ ఒకే కవరులో పెట్టాను.

చెప్పినట్టే సందెకు ముందు ఆయన వచ్చాడు. గడపలోనే నిలబడి చెయ్యి చాపాడు. కవరు అందుకొని బరువు చూసినట్టు పైకీ కిందికీ ఆడించాడు.

“సవరణకు గింత దొడ్డుగున్నదేంది?”

“రెండున్నయి” అన్నాను. తప్పు చేసినదానిలాగే ఉన్నాను, అయినా ఆపలేదు. “కవరు అంటియ్యలే, చదువుకొని ఏయున్రి. ఒకటి మొగులు సవరణ. రెండోదాంట్ల తప్పేం లేదు, అది మీ గురించే రాసిన.”