పెద్దాయన మింగేసిన ‘డు’

ఊరి చివర ఒక వాగు ఉండేది. పేరుకు తగ్గట్టే అది వాగేది. రాయి కనబడితే రాయితో, కప్ప కనబడితే కప్పతో, ఎవరూ దొరక్కపోతే తనలో తానే. దాని గట్టున అమ్మమ్మ నారుమడి. బోడికొండ మీద నాటడానికి ఆవిడ మూడు వందల మొక్కలు పెంచుతోంది. వానలకింక పది రోజులు. ఈలోగా మొక్కలు ఎండితే కొండ మళ్లీ బోడిదే.

ఆవిడ మనవరాలిని అందరూ వసపిట్ట అంటారు. ఆ పిల్లా వాగూ కబుర్లలో పడ్డారంటే మధ్యలో దూరడానికి గాలికి కూడా సందు దొరకదు.

ఒక మధ్యాహ్నం గట్టు మీది మేడలో ఊరి పెద్దాయన కునుకు తీయబోయాడు. కింద వసపిట్ట గొంతు ఖంగున మోగుతోంది. ఆయన కిటికీ తెరిచి, “ఏయ్, ఆ వాగుడు కట్టిపెట్టు!” అనబోయాడు. సరిగ్గా అప్పుడే ఆవలింత వచ్చింది. ‘డు’ అందులో కొట్టుకుపోయింది.

మెట్లకు సిమెంటు పూస్తున్న మేస్త్రికి వినబడింది ఇంతే: “ఆ వాగు కట్టిపెట్టు!”

మేస్త్రి మంచి పనివాడు. రెండోసారి అడిగే అలవాటు మాత్రం లేదు. పెద్దాయన నిద్ర లేచేసరికి వాగుకు అడ్డంగా నడుమెత్తు గోడ లేచింది.

“అబ్బ, ఎంత హాయిగా ఉందిరా! ఎవరి పని?”

“తమరి మాటేనండి.”

“అవునవును, నేనే చెప్పాను,” అని ఆయన మీసం దువ్వుకుని ఊరంతా చాటుకున్నాడు.

మర్నాటికి మొక్కలు తలలు వాల్చాయి. అమ్మమ్మ దూరపు బావి నుంచి బిందెలు మోసింది. మూడు వందల మొక్కలకు ఒక్క నడుము! “ఎల్లుండికి వాగు రాకపోతే అన్నీ పుల్లలేనే,” అంది.

వసపిట్ట గోడ దగ్గరికి పరిగెత్తింది.

“ఏం చెయ్యనే? ఎంత తల బాదుకున్నా గోడకు చీమ కుట్టినట్టయినా లేదు,” అంది వాగు. “పైగా నా నిలవనీళ్లలో దోమలు కాపురం పెట్టాయి. ఎవరికీ చెప్పకు, సిగ్గు.”

“సిగ్గెందుకే? వాటిని మేడ మీదికి చుట్టపుచూపుగా పంపు.”

ఆ మధ్యాహ్నం పెద్దాయన కునుకు బదులు తన చెంపలు తానే వాయించుకున్నాడు. “ఎవర్రా మీరు? ఏమిటీ వాగుడు?”

“మేం వాగమండీ, పాడతాం,” అన్నాయి దోమలు. “ఇల్లు కట్టించి ఇచ్చారు, పాటైనా వినిపించకపోతే ఎలా?”

మూడో రోజుకు ఆయన బుగ్గలు బూరెల్లా పొంగాయి. అయినా పంతం దిగలేదు. “నేనే కట్టమని నేనే కొట్టమంటే ఊరు నవ్వదూ?”

వసపిట్ట గుమ్మంలో నిలబడింది. “తాతగారూ, మీ మాటలో తప్పేం లేదు. మీ ఆవలింతలో ఒక్క అక్షరం కొట్టుకుపోయి మేస్త్రి మామయ్యకు వినబడలేదంతే, కిందనుంచి నేను చూశాగా.”

“ఏ అక్షరమే?”

“డు.”

పెద్దాయన లోలోపల కూడబలుక్కున్నాడు. వాగు... డు. కళ్లు మెరిశాయి. “అయితే గోడ పోతే నీ నోరు కట్టిపెట్టాలి. రోజూ, నా కునుకు అయ్యేదాకా!”

పూటంతా అన్నం మానమన్నా వసపిట్ట మానేసేది, మాటలు మానడమే గండం. కిటికీలోంచి వాడిన మొక్కల్ని చూసింది. “సరేనండి,” అంది.

పెద్దాయన కిటికీ తెరిచాడు. “మేస్త్రీ! డు!”

“డు ఏంటండీ?”

“మొన్నటి మాటకు తోకరా! అతికించుకుని చూడు!”

మేస్త్రి వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టి, నుదురు కొట్టుకుని, గునపం తీశాడు.

వాగు ఒక్క ఉరుకున వచ్చింది. పద్దెనిమిది మొక్కలు అప్పటికే పోయాయి. తక్కినవాటికి వసపిట్ట పెదవులు బిగించి పాయలు తవ్వుతోంది.

“నోరు మూసుకుంటే చేతులెంత బాగా ఆడతాయే నీకు!” అంది అమ్మమ్మ.

వసపిట్ట ఉడుక్కుంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మేడలోంచి గురక వినబడుతోంది. బుగ్గలు పూరించి, ఇంకో పాయ తవ్వింది.