సగం తల

“నెమ్మదిగా లాగవే! ఈ తలే ఇంటిల్లిపాదికీ తిండి పెడుతోంది” అన్నాడు రోడెరిక్, భార్య మోకాళ్ళ మధ్య నేల మీద కూర్చుని.

అతని జుట్టు అల్లుతున్న లటోన్య వేళ్ళు సడలించింది. వంటింట్లో రేడియో మోగుతోంది. రోడెరిక్, అతని తమ్ముడు జెరెల్ కలిసి పాడిన మూడో పాట కూడా దేశం మొత్తంలో మొదటి స్థానానికి ఎక్కిందని అట్లాంటా నగరమంతా గోలగోలగా ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకొచ్చామని ఆ పాటలో రోడెరిక్ అంటాడు. ఆ మాట వచ్చేసరికి కుర్రకారు కార్ల అద్దాలు దించి మరీ అరుస్తారు.

మొదటి పాట పైకెక్కినప్పుడు టీవీ వాళ్ళు పిలిచారు. సరిగ్గా ఆ రోజే లటోన్యకు లైసెన్సు పరీక్ష. అది లేకుండా సెలూన్‌లో జుట్టు పని చెయ్యనివ్వరు. “ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు బేబీ, పరీక్షలు వస్తూనే ఉంటాయి” అన్నాడు రోడెరిక్. ఆమె పరీక్షకి వెళ్ళకుండా అతనికి జడలు వేసింది. రెండో పాట ఎక్కినప్పుడు, మళ్ళీ పరీక్ష రోజునే, పత్రిక ముఖచిత్రం. కొత్త పాటకి కొత్త అల్లిక ఉండాలి, పాత జడలతో కనిపిస్తే పరువు పోతుందట. “మగాడు ఎదుగుతుంటే అడ్డం పడకమ్మా” అంది అత్తగారు ఓడెస్సా. అప్పుడూ వెళ్ళలేదు. తలకి అంటుకుని పాముల్లా మెలికలు తిరిగే ఆ సన్నజడల గురించి పత్రికవాళ్ళు పేజీ నిండా రాశారు. వేసిందెవరో మాత్రం రాయలేదు. “వాళ్ళు అడగలేదు మరి” అన్నాడతను. చర్చిలో ఆడవాళ్ళు ఎంత అదృష్టవంతురాలివే అంటూ ఆమెను కావలించుకునేవారు. ఇంట్లో పాట పేరు వినపడగానే అందరూ కేకలు వేస్తే ఆమె కళ్ళు మాత్రం క్యాలెండరు మీదికి పోయేవి. పాట కిందికి దిగితే బాగుండునని లోలోపల కోరుకునేది. వెంటనే దేవుడి ముందు సిగ్గుపడేది.

ఈ రోజు మళ్ళీ పరీక్ష, మళ్ళీ టీవీ కెమెరాలు. వెర్నెల్ అనే ఆవిడ తన సెలూన్‌లో లటోన్య కోసం ఒక కుర్చీ ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచింది. ఈసారీ లైసెన్సు రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పేసింది.

తలుపు దగ్గర సర్దిపెట్టిన సంచిలోంచి మరిది జెరెల్ పరీక్షలో జుట్టు అల్లి చూపించాల్సిన బొమ్మ తలను పైకి తీశాడు. “వదినా, దీన్ని కూడా మా బృందంలో చేర్చుకుందామా? అన్నయ్య కన్నా అందంగా ఉంది!”

“పైగా నోరు కూడా మెదపదు” అంది లటోన్య.

రోడెరిక్ తల తిప్పబోయాడు. “ఆ బొమ్మెందుకు బయటికొచ్చింది?”

“నిన్ననే చెప్పాను. పరీక్షకి వెళ్ళాలి. రాత్రి కూర్చోమంటే స్నేహితులతో వెళ్ళిపోయావు.”

“పొద్దున్న నువ్వు రొట్టెలు కాలుస్తూ కూర్చోకుండా ఉంటే ఈపాటికి అయిపోయేది. ఇంకోసారి రాద్దువులే. అప్పటికి ఈ పాట కూడా దిగిపోతుంది.”

“దిగేలోపే నాలుగోది ఎక్కించెయ్యమూ!” అన్నాడు జెరెల్. అన్నదమ్ములిద్దరూ నవ్వుతూ అరచేతులు చరుచుకున్నారు. వాళ్ళ నవ్వుకి జడ పాయ ఆమె వేళ్ళలోంచి జారిపోయింది.

లటోన్య దాన్ని మళ్ళీ అందుకుని చివరిదాకా అల్లింది. కొస ముడి వేసింది. చేతుల జిడ్డు తువ్వాలుకి తుడుచుకుని లేచింది.

“ఎక్కడికి?”

“పరీక్షకి.”

“ఇటు సగం దువ్వకుండా నిక్కబొడుచుకునుంది! ఇలాగే కెమెరా ముందు కూర్చోమంటావా?”

“ఏమో. నువ్వే ఆలోచించుకో” అంది. ఓడెస్సా గదిలోంచి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా పక్కకి జరిపింది. జెరెల్ బొమ్మ తలను అందించాడు.

బస్సులో బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు వాటంతటవే గాలిలో అల్లుతున్నాయి. ఇంటికి వెళ్ళాక ఆ మిగతా సగం వెయ్యాలా వద్దా అన్నది మొదటిసారిగా తను తేల్చుకోవలసిన సంగతి.