ఆ బంతి ఎవరిది?

మా బావ వాలీబాల్ ఆడి ఉద్యోగం తెచ్చుకున్నాడు. నీటి సరఫరా ఆఫీసు ఆయనకి జీతం ఎందుకిస్తోందో ఆయనకీ తెలుసు, ఆఫీసుకీ తెలుసు: నెట్ దగ్గర ఎగిరి కొట్టడానికి. మోకాలు దెబ్బతిన్నాక ఎగరడం పోయింది, జీతం మిగిలింది. ఏ సెక్షన్లో కూర్చోబెట్టినా కాగితాలు తలకిందులుగా పట్టుకుంటున్నాడని, చివరికి ఆఫీసు జట్టుకి కోచ్‌ని చేశారు. ఆట తప్ప ఆయనకి మరో పని రాదు. ఈ కొలువు కూడా ఊడితే ఇంట్లో కూర్చుని మా అక్కకి వంటలో సాయం చేయాలి. అదీ రాదు.

ఆ జట్టులో నేనూ ఉన్నాను. ఫిర్యాదుల సెక్షన్లో గుమాస్తాని. అగ్నిమాపక శాఖ వాళ్లు ఏటా మమ్మల్ని చిత్తుగా ఓడించేవారు. మాకు ఆట రాక కాదు. బంతి ఇద్దరి మధ్యకి వచ్చేది. ఇతను అతని వంక మర్యాదగా చూసేవాడు, అతను ఇతని వంక మర్యాదగా చూసేవాడు. ఈలోగా బంతి కింద పడేది.

బావ మొదటిరోజే జబ్బు కనిపెట్టాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, లోపం మీ చేతుల్లో లేదురా. పొద్దస్తమానం 'మా సెక్షన్ కాదు, పక్క గదిలో అడగండి' అని జనాన్ని తిప్పుతారు చూడు, ఆ బుద్ధే గ్రౌండ్‌కి మోసుకొచ్చారు."

అందుకని ఓ పద్ధతి పెట్టాడు. బంతి వస్తే "నాది!" అని గొంతు చించుకోవాలి. ఒకడు అరిచాక మిగతావాళ్లు ఒక అడుగు వెనక్కి వేసి, మోకాళ్లు వంచి కాపు కాయాలి. నోరు మూసుకుని నిలబడ్డవాడికి గ్రౌండ్ చుట్టూ పరుగు. మేం పరిగెత్తిన పరుగులకి గడ్డి చచ్చి, అక్కడ బాట పడింది.

ఓ ఆదివారం భోజనానికి వెళ్తే అక్క చేతిలోంచి గరిటె జారింది. "నాది!" అని దూకాను. గరిటె దొరికింది గానీ కూరగిన్నె మీద పడ్డాను.

"నిన్ను కాదురా, నీకు నేర్పినాయన్ని అనాలి!" అంది అక్క, బావని కొరకొరా చూస్తూ.

"అరుపు బావుంది. మోకాళ్లు ఇంకాస్త వంగాలి," అన్నాడు బావ.

అక్కడితో ఆగితే బాగుండేది. జబ్బు కుదిరి, మందు ఆఫీసులోకి పాకింది. పైపు పగిలిందని ఫోన్ వస్తే నాకు తెలియకుండానే "నాది!" అని లేచి పరిగెత్తాను. మా జట్టువాడే, మీటర్లు చూసే నిచ్చెన (వాడి ఎత్తుకి మేం పెట్టిన పేరు) పక్కవాడి బల్ల మీద దుమ్ము పట్టిన ఫిర్యాదుల కట్ట లాక్కుని "నాది!" అన్నాడు. వరండాలో క్యూ మాయమైంది. గది బయట పడిగాపులు పడేవాళ్లు లేక పెద్దసారుకి తాను పెద్దసారునన్న నమ్మకం సడలింది. "నువ్వయినా కాసేపు నిలబడవయ్యా," అని బంట్రోతుని బతిమాలుకున్నాడు.

ఇంతలో పెద్ద వాల్వు కట్టేయాల్సిన పని పడింది. ముగ్గురం ఒకేసారి "నాది!" అన్నాం. అలా ఒకేసారి అరిస్తే ఎవరు వెనక్కి తగ్గాలో బావ ఇంకా నేర్పలేదు. అందరం కలిసి తిప్పేసరికి తుప్పు పట్టిన చక్రం ఊడి చేతికొచ్చింది. సగం ఊరికి నీళ్లు ఆగిపోయాయి. మిగతా సగానికి ఎంతకీ ఆగలేదు.

విచారణ పెట్టారు. పొడవాటి బల్లకి అవతల పెద్దసారు, ఆయన పక్కన సామాన్లు కొనే అధికారి. ఇవతల జట్టు మొత్తం మేం ఆరుగురం, మా పక్కన మెడలో విజిల్‌తో బావ. బల్ల మీద ఊడిన చక్రం, దాని పక్కనే, మాకీ అరుపు నేర్పినందుకు బావ ఉద్యోగం పీకేసే కాగితం. సంతకమే తరువాయి.

"తప్పెవరిది?" పెద్దసారు గద్దించాడు.

మా నోళ్లు తెరుచుకునేలోపే బావ అరిచాడు.

"నాది!"

మా కాళ్లు మమ్మల్ని అడగలేదు. ఆరుగురం ఒక అడుగు వెనక్కి వేసి, మోకాళ్లు వంచి నిలబడ్డాం. నాకు అక్క మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. బావ మాత్రం మురిసిపోతున్నాడు.

"చూశారా సార్! ఒక్కడూ అడ్డం రాలేదు!"

పెద్దసారు కలం తీశాడు.

అప్పుడు తట్టింది నాకు. బంతిని ఒకసారి తాకినవాడు వెంటనే మళ్లీ తాకకూడదు. రెండో దెబ్బ పక్కవాడిది. మూడో దెబ్బకి బంతి నెట్ అవతల ఉండాలి.

"నాది!" అంటూ ముందుకొచ్చాను. "చక్రం తిప్పినవాళ్లలో నేనూ ఉన్నాను సార్. అది తుప్పు పట్టిందని, కొత్తది కావాలని ఏడాదిగా మొత్తుకుంటున్నాం." అని నిచ్చెన వైపు చూశాను. నెట్ దగ్గర వాడికి బంతి లేపేటప్పుడూ అలాగే చూస్తాను.

"నాది!" అన్నాడు నిచ్చెన. బల్ల దగ్గరికొచ్చి, అంత ఎత్తు నుంచీ వంగి అడిగాడు. "మరి కొత్తది కొననివ్వకుండా ఆపిందెవరు సార్?"

ఆ మాట వెళ్లి సరిగ్గా అవతలి ఇద్దరి మధ్య పడింది. పెద్దసారు సామాన్ల అధికారి వంక మర్యాదగా చూశాడు. సామాన్ల అధికారి పెద్దసారు వంక మర్యాదగా చూశాడు. ఎవరూ "నాది" అనలేదు.

బావ విజిల్ ఊది, చెయ్యి మా వైపు చాపాడు. పాయింటు మాదే.

బావ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీరంటే మీరని వాళ్లిద్దరూ ఇంకా అనుకుంటూనే ఉన్నారు. బావ మాత్రం పొద్దున్నే గ్రౌండ్‌కి రమ్మన్నాడు. ముగ్గురు ఒకేసారి అరిస్తే ఏం చేయాలో నేర్పుతాడట.