మేనమామనన్నాడు

2002 ఆగస్టు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం పులిహోర తిన్నాను. స్టేషన్లో అందరికీ వడ్డించి, ప్లేట్లు కడిగాక మిగిలింది నేనూ ఆ పిల్లా పంచుకున్నాం. కానిస్టేబుల్‌గా చేరి ఆరేళ్ళయినా, ఆడదాన్ని కదా, వడ్డన నాదే.

పిల్ల పేరు సారిక. పదిహేనేళ్ళుంటాయి. బొంబాయి రైల్లో ఎవరో ఆడమనిషి పక్కన ఏడుస్తూ కూర్చుంటే టీసీ గారు దింపి మాకు అప్పజెప్పారు. ఆ మనిషి జారుకుంది. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వాడొకడు వచ్చి, "మేనమామనండి. ఇంట్లో అలిగి వచ్చేసింది," అన్నాడు. మన వైపు మేనమామంటే ఇంకేం అడుగుతారు? ఓణీ పెట్టేది ఆయనే, పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేదీ ఆయనే. వాడి ముందే అడిగాను, "మీ మావయ్యేనా?" అని. తల వంచుకుని ఊఁ అంది. వాణ్ణి బయటికి పంపి అడగాలని నాకు తెలుసు, ట్రైనింగులో చెప్పారు. కానీ పొద్దున్నే మా ఆయన, "ఆరింటికల్లా ఇంట్లో ఉండు. అక్క వస్తోంది. నీ లాఠీ చూడ్డానికి కాదు, చేపల పులుసు తినడానికి," అన్నారు. గడియారం చూసుకున్నాను. రిజిస్టర్లో సంతకం పెట్టి పంపేశాను.

పదకొండు నెలలకి పూనా పోలీసులు సారికని ఒక ఇంట్లోంచి విడిపించి తీసుకొచ్చారు. పోయినేడు ఆ పిల్లని ఎవరికి ఎలా అప్పగించారో రాసివ్వమని మాకు పైనుంచి కాగితం వచ్చింది.

"సొంతంగా వెళ్ళిపోయిందని రాసెయ్యి రామతులసీ. రిజిస్టర్ సంగతి నే చూసుకుంటాలే తల్లీ," అన్నారు హెడ్డు వీరబ్రహ్మం గారు, నా మీద జాలితోనే.

"ఉద్యోగం పోతే వంటైనా నేర్చుకుంటావులే," అని నవ్వారు మా ఆయన.

సారిక పూనాలో చెప్పిందంతా కాగితాల్లో ఉంది. రెండో పేజీ దాటి చదవలేకపోయాను. ఒంటిమీద యూనిఫాం ఎవరిదో దొంగిలించి తొడుక్కున్నట్టనిపించింది. అంత చదివాక కూడా, వీరబ్రహ్మం గారు చెప్పినట్టు రాస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క నిమిషం లెక్కేసుకున్నాను. ఆ నిమిషానికి నాకు ఇప్పటికీ సిగ్గే. చివరికి, "వాడి ఎదుటే అడిగాను. ఆధారం చూడలేదు. అప్పగించింది నేనే," అని రాసి ఇన్‌స్పెక్టర్ గారి బల్ల మీద పెట్టాను.

చీకటి పడేవేళ సారికని ఆడపిల్లల హోంలో దింపడానికి వెళ్ళాను.

"నిన్ను వాడితో పంపింది నేనేనమ్మా."

"గుర్తున్నారండి," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. గదిలోకి తొంగి చూసి, "బయట గొళ్ళెం పెడతారా అండి?" అని అడిగింది.

"లేదమ్మా. గడియ లోపలే ఉంది."

లోపలికి వెళ్ళి, నన్ను బయటే ఉంచి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.