పైడిరత్నం గుణం నేనే తేల్చాను

నేను ఒక టీవీని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, బొబ్బిలిలో పైడిరత్నం కుట్టు దుకాణంలో మిషన్‌కు ఎదురుగా గోడెక్కాను. జనం చూసుకోవడానికి నన్ను చేశారనుకున్నాను. వాళ్ల బదులు ఆలోచించడం కూడా నా పనేనని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నిరుడు రత్నం ఒక షోకి ఎంపికైంది. పదిమందిని ఒకే ఇంట్లో పెట్టి, తగవులు రాజేసి, ఎవరు మంచివాళ్లో జనం చేత ఓట్లు వేయించే షో. దుకాణం తాళాలు పక్కింటి గౌరమ్మకిచ్చి వెళ్లింది. గౌరమ్మ టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు ఇరవై రోజులు జావ కాచి తాగించింది ఈ రత్నమే.

గౌరమ్మ దుకాణం తెరిచిపెడితే వీధి ఆడవాళ్లంతా నా ముందు చేరి, మొదటి వారం "మన రత్నం" అని మురిసిపోయారు. రెండో వారం, తోటి పోటీదారు ఏడుస్తుంటే రత్నం మూతి తిప్పుకున్నట్టు చూపించాను. నాకు వచ్చింది నేను చూపించాను, నా తప్పేముంది? వెనక డప్పుల మోత, ఆ మూతి మూడుసార్లు దగ్గరగా. అవతలామె ఏడుస్తున్నప్పుడు రత్నం ఒంటిమీద ఆకుపచ్చ జాకెట్టు, మూతి తిప్పినప్పుడు పసుపుది. దారం రంగు కాస్త తేడా వచ్చినా కుట్లు విప్పించే మహాతల్లులు కదా, ఒక్కరికీ అది కనబడలేదు.

"నాకు ముందే తెలుసు, దాని గుండె రాయే," అంది గౌరమ్మ.

"మరి నీకు జావ కాసిందేటే?" అంది పక్కనున్నావిడ.

"అప్పుడు కెమెరాలు నేవు కదా, నిజం ఎలాగ తెలుస్తాది?"

నాలుగో వారం జనం ఓట్లేసి రత్నాన్ని ఇంటికి పంపేశారు. దుకాణం తెరిస్తే కొత్త గుడ్డ ఒక్కటీ రాలేదు. ముందు ఇచ్చినవాళ్లు కూడా పట్టుకుపోయారు. కుట్టుకుని బతికే మనిషి, మిషన్ మీద ఖాళీ చేతులు పెట్టుకుని కూర్చుంది. చివరికి ఆ ఎపిసోడ్ నాలోనే పెట్టుకుని చూసింది. నాకు ఆశ పుట్టింది. తన చేత్తో కుట్టుకున్న జాకెట్లు తాను పోల్చుకోదా?

"నానింత పాపిష్టిదాన్నా?" అని కళ్లు తుడుచుకుంది.

తన దగ్గరే ఉండిపోయిన మారుతాళం ఇవ్వడానికి వచ్చిన గౌరమ్మను, తప్పయిపోయింది, క్షమించమని అడిగింది.

"పోన్లేయే, మనిషి మారితే సాలు," అంది గౌరమ్మ పెద్ద మనసు చేసుకుని.

ఆమె వెళ్లాక రత్నం నన్ను ఆపేసింది. నల్లబడిన నా తెరలో తన ముఖం ఉన్నదున్నట్టు కనబడింది. నాకు సిగ్గేసింది. రత్నం మాత్రం అందులోకి చూస్తూ, పెదవులు కాస్త సాగదీసి, మంచిదానిలా నవ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా రాలేదు. ముఖం తుడుచుకుని మళ్లీ నవ్వింది.