సీమకు పోయిన ఆదిశేషమ్మ పటం

కరువు తీరిన మరుసటి ఏడు ఉదయగిరి కొండ కింద ఒక గుడారం వెలిసింది. జనార్దనయ్య అనే పటాలు తీసే యువకుడు పెద్ద కెమెరా పెట్టెతో మద్రాసు నుంచి దిగాడు. సముద్రం అవతల తెల్లదొరల సీమలో ఏదో ప్రదర్శన జరుగుతుందట. దేశదేశాల ఆడవాళ్ల పటాలన్నీ ఒక్కచోట పెట్టి, అందరిలోకీ చక్కనిది ఎవరో తేల్చి బంగారు పతకం ఇస్తారట. అక్కడికి పంపే పటం కోసం అతను ఊరూరా తిరుగుతున్నాడు.

సంతలో గొర్రెల పక్కన నిలబడిన ఆదిశేషమ్మను చూడగానే అతని వెతుకులాట ఆగిపోయింది.

ఆమె మొగుడు మునెయ్య మొదట పొంగిపోయాడు. "నా పెండ్లాం పటం సీమకు పోతాదంట!" అని సంతంతా చెప్పుకున్నాడు. ఆ సంబరం గుడారం చేరేదాకానే. జనార్దనయ్య ఆమెను పీట మీద కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. మునెయ్యకు ఒళ్లు మండింది.

"ఆ గుడ్డలో దూరి ఏం చూస్తుండావయ్యా? నేనూ చూడాల."

"రా, చూడు," అని జనార్దనయ్య కెమెరా మీది నల్లగుడ్డ ఎత్తిపట్టుకున్నాడు.

లోపల అద్దం మీద ఆదిశేషమ్మ తలకిందులుగా కనబడింది. నవ్వుతోంది. కరువులో సగం మందతో పాటు రెండేళ్ల కొడుకు కూడా పోయాక మునెయ్య ఆమె నవ్వు చూడలేదు. గాజులు తెచ్చాడు, తిరణాలకు తీసుకుపోయాడు, పెదవి కదల్లేదు. ఇప్పుడు ఎవడో మద్రాసువాడు పెట్టె పక్కన నిలబడితే నవ్వుతోంది! గుడ్డలోంచి బయటికొచ్చి చూస్తే ఆమె పెదవుల చివర ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది.

జనార్దనయ్య పటం తీసి, గాజుపలకను మందునీళ్లలో కడిగి నల్లగుడ్డ మీద ఆనించాడు. ఆమె ముఖం తేలింది. జనం మూగారు.

"పతకం ఈ నవ్వుకే!" అన్నాడు జనార్దనయ్య మురిసిపోతూ.

మునెయ్య చేతికర్ర కదిలింది. పలక రాతి మీద పడి ముక్కలైంది.

"కర్ర తగిలింది," అన్నాడు నేల చూస్తూ.

ఆదిశేషమ్మ ఆ ముక్కలను చూసింది, మొగుణ్ణి చూసింది. జనార్దనయ్య దగ్గర ఇంకో పలక లేదు. మిగతా సామాను ఆత్మకూరులో ఉందనీ, అక్కడికి వస్తే మళ్లీ తీస్తాననీ చెప్పి గుడారం ఎత్తేశాడు.

తెల్లవారి, మొగుడితో మాటైనా చెప్పకుండా, ఆత్మకూరు పోయే బండ్ల వెంట ఆదిశేషమ్మ నడక పట్టింది. మునెయ్య దూరంగా వెంబడించాడు. బండివాడు ఆమెకు మంచినీళ్లిస్తే వాణ్ణి కూడా కొరకొర చూశాడు. మర్రిపాడు దాటాక ఆమె ఆగి, అతను దగ్గరికి వచ్చేదాకా నిలబడింది.

"ఏంది మావా, దొంగ మాదిరి నక్కి నక్కి వస్తుండావు?"

"నేను గుడ్డలో తల పెట్టినప్పుడు వాడు నీకేం చెప్పినాడు?"

"ఏం చెప్పలా."

"మరి ఎందుకు నవ్వినావు?"

"నిన్ను చూసి నవ్వినా. కంచెలో తల ఇరుక్కున్న పొట్టేలు మాదిరి ఉండావు. పిల్లోడుంటే ఎంత నవ్వేవాడో అనుకున్నా."

మునెయ్య చేతికర్రను నేలకు ఆనించాడు.

"పలక నేనే పగలగొట్టినా."

"తెలుసు. నడువు, బండ్లు పోతుండాయి."

ఆత్మకూరులో మునెయ్య చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. జనార్దనయ్య ఎన్ని కబుర్లు చెప్పినా ఆదిశేషమ్మకు నవ్వు రాలేదు. బరువైన కళ్లతో సూటిగా చూస్తూ కూర్చుంది. ఆ పటమే ఓడెక్కింది.

మరుసటేడు వానలప్పుడు జనార్దనయ్య కబురు పంపాడు. పతకం వేరే దేశపు ఆవిడకెవరికో వచ్చిందట. ఆదిశేషమ్మ విని, దొడ్డి ఊడ్చుకుంటూ ఉండిపోయింది. మునెయ్య మాత్రం తట్టుకోలేకపోయాడు.

"ఎట్ట ఉంటాదంట ఆ యమ్మ? మా ఆదిశేషమ్మ కన్నానా? వాళ్లకు కండ్లుండాయా?" అని కబురు తెచ్చినవాణ్ణి నిలదీశాడు.

"పోనీలే మావా, గొర్రెలు తోలుకుపో," అంది ఆదిశేషమ్మ.

అతను తోలుకుపోయాడు. పేరైనా తెలియని ఆ ఆడమనిషిని దారి పొడవునా తిడుతూనే పోయాడు.